హల్లెలూయా ఎన్ని గంటలకి వస్తుంది?

మా బృందంలో గుంటూరు వాళ్లం లూథరన్ సంఘం, బెజవాడ వాళ్లు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, మధ్యలో ఏ చర్చికీ వెళ్లనివాళ్లు ఇద్దరు ముగ్గురు. అందరినీ ఒకచోటికి చేర్చింది నాలుగు గొంతుల పాట మీద పిచ్చి. సొప్రానో, ఆల్టో అనే ఆడగొంతులు, టెనర్, బాస్ అనే మగగొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్లి చివర్లో ఒక్కసారిగా కలిసే ఆ పాట ఎక్కడ వినిపిస్తుందంటే అక్కడికి వెళ్లిపోయేవాళ్లం. 2000 దాటిన కొత్తల్లో మాట ఇది. అప్పటికి క్యాసెట్లు ఇంకా పోలేదు, సీడీలు అందరి ఇళ్లలోకి రాలేదు, సెల్‌ఫోన్ ఉన్నవాళ్లు కూడా నిమిషానికి ఎంత అవుతుందో లెక్క చూసుకుని మాట్లాడేవాళ్లు.

బ్రాడీపేటలో మాస్టారి ఇల్లు మా అడ్డా. ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, అంతకంటే ఎక్కువ కాలం చర్చి పాటల బృందం, కాయిర్, నడిపారు. గుంటూరులో ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఇక్కడ అడుగుపెట్టింది 1842లో, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మొదలైంది 1885లో, కాబట్టి మా తాతల కాలం నుంచే ఇళ్లలో హార్మోనియం పక్కన పాశ్చాత్య స్వరాలు అక్షరాల్లో రాసిన సోల్ఫా పుస్తకం ఉండేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల మీద రాగం, తాళం రాసి ఉంటాయి, అవి అందరం ఒకే గొంతుతో పాడతాం. ఆ పక్కనే నాలుగు గొంతుల పాటలు. రెండూ మావే అనిపించేది నాకు, ఇప్పటికీ అంతే. మాస్టారి దగ్గర హాండెల్ అనే పాశ్చాత్య స్వరకర్త రాసిన మెస్సయా క్యాసెట్లు ఉండేవి, క్రీస్తు మీద బైబిలు వాక్యాలతో మూడు భాగాలుగా సాగే పెద్ద పాట అది. ఆల్టో వాళ్లకి ఆల్టో లైను, మా టెనర్లకి టెనర్ లైను వేలితో గాల్లో గీసి చూపిస్తూ వినిపించేవారు. 1741లో 24 రోజుల్లో రాసేశాడట హాండెల్. ఆ మాట మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నంత ఆశ్చర్యంగా చెప్పేవారు.

అయితే ఆ పాటలో మాకు బాగా తెలిసింది హల్లెలూయా ఒక్కటే. క్రిస్మస్‌కి పాడేది అదే. మిగతాదంతా క్యాసెట్‌లో విన్నదే. మనుషులు ఎదురుగా నిలబడి మొత్తం పాడగా విన్నవాళ్లు మాలో మాస్టారు తప్ప ఎవరూ లేరు, ఆయన కూడా కుర్రతనంలో మద్రాసులో చదువుకునేటప్పుడు విన్నారు.

అలాంటప్పుడు పెరంబూరు అక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. మా బృందంలోని తెనాలి తమ్ముడికి సొంత అక్క, పెళ్లయ్యాక చెన్నైలో స్థిరపడింది. డిసెంబరులో సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో మెస్సయా పాడుతున్నారు, ముక్కలు కాదు, మూడు భాగాలూ పాడతారట, పాసులు త్వరగా అయిపోతాయి, ఎంతమంది వస్తారో వెంటనే చెప్పమంది. వెంటనే అంటే ఎలా? బయటి ఊళ్లకి ఫోన్ చేసే ఎస్టీడీ రేటు అప్పట్లో రాత్రి పొద్దుపోతే తగ్గేది, అందుకని అరండల్‌పేటలో బూత్ ముందు అన్నం తిన్నాక వెళ్లి నిలబడేవాణ్ణి. నా ముందు నలుగురు, లోపల ఎవరో సంబంధం మాటలు మాట్లాడుతుంటారు, ఆ ఎర్ర అంకెలు తిరుగుతుంటాయి, బయట మాకు టెన్షన్. నా వంతు వచ్చేసరికి అడగాల్సినవన్నీ చీటీ మీద రాసుకుని ఒక్క గుక్కలో అడిగేసేవాణ్ణి. సీట్లకి నంబర్లుంటాయా? ఎన్నింటికి మొదలు? మధ్యలో ఇంటర్వెల్ ఎంతసేపు? అయిపోయేది ఎన్నింటికి? అక్క చివరి ప్రశ్నకి మాత్రం "అది నేనెలా చెప్తాను రా, పాడేవాళ్లని అడగాలి" అనేది. ఆ ప్రశ్న చుట్టూనే తర్వాత మా బతుకంతా తిరిగింది.

పాసుల డబ్బు అందరి దగ్గరా వసూలు చేసి మనియార్డర్ చేశాం. పాసులు పోస్టులో పంపించొద్దు, నీ దగ్గరే ఉంచు, చర్చి గేటు దగ్గర ఇవ్వు అని మాస్టారు గట్టిగా చెప్పించారు.

గుణదల ఆంటీ రానంటుందనుకున్నాం. ఆవిడ నర్సు, డ్యూటీలు మార్చుకోవడం కష్టం. కానీ కెథెడ్రల్ పేరు వినగానే ఆవిడే అందరికంటే ముందు డబ్బు కట్టేసింది. 1947 సెప్టెంబరు 27న సీఎస్‌ఐ ఏర్పడింది అక్కడే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే తమలో తాము కలిసిపోయిన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్లు ఆ రోజు ఆ చర్చిలో ఒకటయ్యారు. వాళ్ల నాన్నగారు ఆ సంగతి పిల్లలకి పండగ కథలా చెప్పేవారట. "మా సంఘం పుట్టిల్లు అది, పాట లేకపోయినా వెళ్లి చూసొచ్చేదాన్ని" అంది. మా లూథరన్లు ఆ కలయికలో చేరలేదు, దాని మీద మాస్టారికీ ఆవిడకీ మధ్య పెద్ద చర్చ నడిచింది, ఇద్దరూ గౌరవంగా, ఇద్దరూ ఒక్క మెట్టు కూడా దిగకుండా.

ఇక రైలు. వెళ్లేటప్పుడు పినాకినిలో అని ఎవరికీ రెండో మాట లేదు. తెల్లవారి బెజవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు, కూర్చునే సీట్లు, కిటికీలు. చిక్కల్లా గుంటూరు వాళ్లతోనే. తెల్లారకముందే బెజవాడ చేరడం కంటే నారాకోడూరు మీదుగా తెనాలి వెళ్లి అక్కడ ఎక్కడమే సుఖమని మేము, అందరం ఒకేచోట ఎక్కకపోతే ఎవరో ఒకరు మిగిలిపోతారని బెజవాడ వాళ్లు. రైల్వే బాబాయ్ తీర్పు చెప్పాడు. ఆయన సత్యనారాయణపురంలో ఉండేవాడు, గార్డుగా చేసి రిటైరయ్యాడు, గుడికీ చర్చికీ రెండింటికీ దూరం. కాజీపేటలో పనిచేసేటప్పుడు క్వార్టర్స్ పక్కనే ఆంగ్లో ఇండియన్ల ఇల్లు ఉండేదట, డిసెంబరు వస్తే వాళ్లింట్లో పియానో చుట్టూ చేరి పాడేవాళ్లట, అక్కడ అంటుకుంది ఆయనకి ఈ పిచ్చి. "ఒరేయ్, టికెట్ బెజవాడ నుంచే తీయండి, ఫారంలో బోర్డింగ్ అని ఒక గడి ఉంటుంది, గుంటూరోళ్లు అందులో తెనాలి అని రాయండి. రాయకుండా తెనాలిలో ఎక్కితే అప్పటికే టీసీ మీ సీటు ఇంకొకడికి ఇచ్చేసి ఉంటాడు" అన్నాడు.

ఒక ఫారంలో ఆరుగురి పేర్లే రాయాలి. మేము పది దాటాం. కాబట్టి రెండు ఫారాలు, తెనాలి ఫారం ఒకటి, బెజవాడ ఫారం ఒకటి. మాస్టారు ఏ ఫారంలో ఉండాలన్నది మాత్రం తేలలేదు, ఆయన పక్కన కూర్చుంటే దారి పొడుగునా పాట గురించి వినొచ్చు కదా, రెండు వైపులా లాక్కున్నారు. కౌంటర్ ఎనిమిదికి తెరుస్తారు, నేను చలిలో మఫ్లర్ చుట్టుకుని అంతకంటే చాలా ముందే గుంటూరు స్టేషన్‌లో నిలబడ్డాను, అయినా నా ముందు వరసంతా నల్లబట్టల స్వాములే. మాల వేసుకునే కాలం కదా, శబరిమల వెళ్లే జనంతో చెన్నై వైపు రైళ్లన్నీ నిండిపోతాయి. పినాకినికి ఎలాగో సీట్లు దొరికాయి. తిరుగు ప్రయాణానికి హౌరా మెయిల్ అడిగితే కౌంటర్‌లో ఆయన తల అడ్డంగా ఊపి వెయిటింగ్ లిస్ట్ అన్నాడు. తీసేసుకున్నాను.

అక్కడ మొదలైంది అసలు గొడవ. బెజవాడ కుర్రాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. కోయంబేడు నుంచి ప్రైవేటు బస్సు, రాత్రి తొమ్మిదిన్నరకి, సీట్లు ఖాయం, పొద్దున్నే బెజవాడ. మెయిల్ బయల్దేరేది రాత్రి బాగా పొద్దుపోయాక, బెర్తు వస్తుందో రాదో తెలీదు, మాస్టారి వయసుకి రాత్రంతా నిలబడతారా అని వాళ్ల వాదన. న్యాయమైన మాటే. కానీ బస్సు అందుకోవాలంటే పాట మధ్యలో లేచి రావాలా? ఎక్కడ లేవాలి? ఎంత పోతుంది?

"లెక్క కట్టండి" అన్నాడు రైల్వే బాబాయ్.

అలా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం బ్రాడీపేటలో చేరాం. బాబాయ్ డ్యూటీలో వాడిన గడియారం తెచ్చాడు, నేను పొడుగు నోటుబుక్కు, తెనాలి తమ్ముడు ఇంకో టేప్‌రికార్డర్. ఎందుకంటే మాస్టారి టేప్‌రికార్డర్ పాతది, బెల్టు సాగి ఉంటే పాట నెమ్మదిగా తిరుగుతుంది, అప్పుడు నిమిషాలు తప్పు వస్తాయని బాబాయ్ అనుమానం. హల్లెలూయాని రెండింటిలోనూ వేసి చూశాడు, రెండూ నాలుగు నిమిషాలకి దగ్గర్లోనే వచ్చాయి, సరే అన్నాడు. ఆ తర్వాత మొదటి నుంచి వేశాం. ఒక్కో పాట మొదలవగానే మాస్టారు పేరు చెప్పేవారు, అవగానే బాబాయ్ నిమిషాలు, సెకన్లు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. క్యాసెట్ తిప్పేటప్పుడు గడియారం ఆపాలి. మాట్లాడకూడదు. మధ్యలో కరెంటు పోయింది, టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు వేస్తే అవి నీరసంగా ఉన్నాయి, బాబాయ్ ఆ లెక్క ఒప్పుకోలేదు, కరెంటు వచ్చాక ఆ పాట మళ్లీ మొదటి నుంచి.

అంతకుముందు మేము ఆ క్యాసెట్లు వినడం అంటే వంట చేస్తూ, బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, నచ్చిన దగ్గర ఆగుతూ వినడమే. ఆ రోజు మొదటిసారి ఎక్కడా వదలకుండా విన్నాం, సెకను పోకుండా విన్నాం. గొర్రెల కాపరుల దగ్గర తీగల వాయిద్యాలు అలా ఊగుతూ వచ్చే చోటు, దేవదూతలు దిగేముందు ఉన్నట్టుండి వచ్చే నాలుగు చిన్న ముక్కలు, ఒక్కోటి అర నిమిషమో, నిమిషమో ఉంటాయి, అవి రాసుకోవడానికి నా చెయ్యి ఆడలేదు. రెండో భాగంలో శ్రమల పాటలు వచ్చినప్పుడు ఆంటీ పెన్సిల్ పక్కన పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ఎవరం ఏమీ అనలేదు, అనకూడదు కూడా, గడియారం నడుస్తోంది. టైమ్‌టేబుల్ కోసం కూర్చున్నవాళ్లం ఆ సాయంత్రానికి ఆ పాటని లోపలి దాకా ఎరిగిన వాళ్లమయ్యాం, నాకైతే సంగీతం వినడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

బాబాయ్ లెక్క తేల్చాడు. ఆరున్నర అన్నారు, పది నిమిషాలు ఆలస్యం వేసుకుందాం. మొదటి భాగం దాదాపు గంట, ఇంటర్వెల్ పావుగంట, రెండో భాగం గంటకి కొంచెం తక్కువ. హల్లెలూయా రెండో భాగం చివర్లో వస్తుంది, అంటే ఎనిమిదీ నలభై అటూ ఇటూ. అది అవగానే లేచి ఆటోలు పట్టుకుంటే బస్సు అందుతుంది. పోయేది మూడో భాగం ఒక్కటే, అరగంట పైచిలుకు.

"బావుంది కదా, హల్లెలూయా వినేసి వచ్చేయొచ్చు" అన్నారు కుర్రాళ్లు.

మాస్టారు కాసేపు నోటుబుక్కు చూశారు. హల్లెలూయా తర్వాత గీత గీసి ఉంది, దాని కింద మూడో భాగంలో మొదటి పాట. "నా విమోచకుడు సజీవుడనియు" అనే యోబు వాక్యం మీద సొప్రానో ఒక్కతే పాడే పాట. మాస్టారి భార్య మంచి సొప్రానో, మా కాయిర్‌లో ఆ పాట ఆవిడే పాడేవారు, పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఆవిడ సమాధి మీద రాయించింది కూడా ఆ వాక్యమే. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో హాండెల్ సమాధి దగ్గర ఆయన విగ్రహం ఉంది, దాని ముందు చెక్కిన కాగితం మీద ఉన్నది కూడా ఈ పాట స్వరాలే. అది మాకు ఎప్పుడో ఆయనే చెప్పారు.

"బస్సుకి వెళ్లేవాళ్లు వెళ్లండి నాయనా. నేను ఉంటాను" అన్నారు.

బస్సు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కుర్రాళ్లే మర్నాడు నాకు ఫోన్ చేసి మెయిల్‌లో తమ పేర్లు కూడా ఉన్నాయా అని అడిగారు.

సామాను విషయంలో కూడా మాస్టారే సాయం పట్టారు. ఆంటీ చెన్నై వెళ్తున్నాం కదా అని పెద్ద సూట్‌కేసు సర్దుకుంటానంటే ఆయన డబ్లిన్ సంగతి చెప్పారు. మెస్సయా మొదటిసారి పాడింది అక్కడే, 1742 ఏప్రిల్ 13న. చోటు చాలదని, ఆడవాళ్లు పంజరాల్లాంటి గౌన్లు వేసుకోకుండా, మగవాళ్లు నడుముకి కత్తులు కట్టుకోకుండా రమ్మని ముందే పేపర్లో వేశారు, అలా ఇరుక్కుని 700 మంది విన్నారు. వచ్చిన డబ్బు ఆసుపత్రులకీ, అప్పులు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్లకీ వెళ్లింది, 142 మంది విడుదలయ్యారు. "వాళ్లు కత్తులు వదిలి వచ్చారు, మీరు సూట్‌కేసు వదలండి" అన్నారు. ఆంటీ భుజం సంచితో వచ్చింది.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తెనాలిలో మేము ఎక్కేసరికి బెజవాడ వాళ్లు పులిహోర పొట్లాలు విప్పి కూర్చున్నారు. నెల్లూరు దాటాక వాన పట్టుకుంది, తుఫానేమో అని భయపడ్డాం, గూడూరు వచ్చేసరికి ఆగిపోయింది.

కెథెడ్రల్ గేటు దగ్గర పెరంబూరు అక్క పాసులు కవర్లో పెట్టుకుని, ఆ కవరు ఇంకో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్కొక్కరి చేతిలో పెట్టి మరీ లోపలికి పంపింది. తెల్లగా, ఎత్తుగా స్తంభాలు, 1815 నాటి కట్టడం. ఆంటీ చెప్పులు బయట విడిచి వెళ్లింది, అక్కడ ఎవరూ విడవట్లేదు, అయినా విడిచింది.

పాట గురించి ఏం రాయను! ఒక్క సంగతి చెప్తాను. "మనకు శిశువు పుట్టెను" వాక్యం మొదలైనప్పుడు ఆంటీ తెలుగు బైబిలు తీసి యెషయా 9వ అధ్యాయం ఒళ్లో తెరిచింది. గొంతులు ఒకటొకటిగా చేరుతూ, పరుగెడుతూ వచ్చి, ఆశ్చర్యకరుడు, ఆలోచనకర్త అనే పేర్లున్న చోట నాలుగూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. ఆవిడ వేలు సరిగ్గా ఆ పేర్ల మీద ఉంది. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అక్కడే. ప్రతి క్రిస్మస్‌కీ చదువుకునే వాక్యం అది, పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు, దానిలో అంత పిడుగు దాగుందని ఆ రోజే విన్నాను.

హల్లెలూయాకి ఆనవాయితీగా అందరూ లేచి నిలబడ్డారు. నేను బాబాయ్ వైపు చూశాను, ఆయన గడియారం వైపు చూశాడు, మణికట్టు నా వైపు తిప్పి చూపించాడు. ఎనిమిదీ నలభై నాలుగు. నాలుగు నిమిషాలు తేడా! గార్డుగా అంతకాలం చేసిన మనిషి, ఏ రైలు సమయానికి వచ్చినా అంత సంతోషపడి ఉండడు. అంతా కూర్చున్నాక దగ్గులు, కుర్చీల చప్పుడు సద్దుమణిగాక వయొలిన్లు మొదలెట్టాయి, తెల్లచీర కట్టుకున్న సొప్రానో ముందుకొచ్చింది. మాస్టారు ఆ ఆరు నిమిషాలూ కళ్లు మూసుకోలేదు, తల దించలేదు, ఆవిడ నోటినే చూస్తూ పెదవులు కదిపారు. అయ్యాక నా చెయ్యి పట్టుకుని "టెంపో సరిగ్గా ఉంది" అన్నారు.

సెంట్రల్‌కి వెళ్లేసరికి చార్టు అంటించారు. బోగీ తలుపు పక్కన జనం మీద జనం, తెనాలి తమ్ముడు సందుచేసుకుని దూరి పైనుంచి కిందికి చదివాడు. మాస్టారికీ ఆంటీకీ బెర్తులు, మిగతా వాళ్లలో చాలామందికి ఆర్ఏసీ. సైడ్ సీట్లలో ఇద్దరిద్దరం కూర్చున్నాం, ఎదురుగా శబరిమల నుంచి తిరిగొస్తున్న చీరాల స్వాములు అరవణ ప్రసాదం పెట్టారు. ఒంగోలు దాకా మాటలే మాటలు. ఏ పాట మేము రాసుకున్న దానికంటే నెమ్మదిగా పాడారు, ఏది తొందరగా పాడారు, బాస్‌ల దగ్గర ఎక్కడ తడబడ్డారు, అన్నీ నోటుబుక్కులో పక్కన రాయించాడు బాబాయ్.

మాస్టారు, బాబాయ్ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆంటీ గుణదలలోనే ఉంది, రిటైరైంది, మోకాళ్ల నొప్పులు. తెనాలి తమ్ముడు పోయిన వారం ఫోన్ చేశాడు, వాళ్లబ్బాయికి ఇప్పుడు టెనర్ గొంతు పడిందట, ఈ డిసెంబరులో ఎక్కడైనా మెస్సయా మొత్తం పాడుతున్నారేమో కనుక్కోమని పెరంబూరు అక్కకి చెప్పాం. పాడితే పినాకినికే వెళ్దామన్నాడు, ఆంటీకి కింద మెట్లున్న బోగీ చూసుకుని, బెజవాడ నుంచి టికెట్ తీసి, వాళ్లు తెనాలిలో ఎక్కేలా.